బటన్ ఒకటే, బొద్దు మూడు రకాలు: బ్రౌజర్ల ఎడిటింగ్ పరీక్షలు ఎందుకు ఒక పట్టాన కలవవు

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. పెళ్లి పత్రికలు, కర్మ కార్డులు, చెరువు లీజు నోటీసులు, ఎలక్షన్లప్పుడు కరపత్రాలు, ఇవీ వాళ్ల పనులు. ఆ ప్రెస్సు అన్నకి నేనొక చిన్న వెబ్ పేజీ చేసిచ్చాను, కస్టమర్లు ఇంట్లోనే కూర్చుని మేటర్ టైప్ చేసి పంపుకునేట్టు. పైన అక్షరాలని బొద్దు (బోల్డ్) చెయ్యడానికి ఒక బటన్, వాల్చడానికి ఒకటి, కింద గీతకి ఒకటి. అంతే. రెండు రోజుల పని అనుకున్నా, నిజంగానే రెండు రోజుల్లో ఇచ్చేశా కూడా.

వారం తర్వాత ఫోను. ఎవరో రొయ్యల చెరువు లీజు నోటీసు పంపారు. "రొయ్యల చెరువు లీజుకు ఇవ్వబడును, కరెంటు, బోరు కలదు" అని ఒకే లైను. అందులో "రొయ్యల చెరువు" అన్న ముక్క వరకే కస్టమర్ బొద్దు చేసి పంపాడు. అన్నకి లైనంతా బొద్దుగా కావాలి. లైను మొత్తం సెలెక్ట్ చేసి బటన్ నొక్కాడు, అయింది. అదే నోటీసు నేను నా ల్యాప్‌టాప్‌లో తెరిచి అదే లైను సెలెక్ట్ చేసి నొక్కితే, లైను బొద్దు కాలేదు సరికదా ఉన్న బొద్దు కూడా పోయింది. ప్రెస్సులోనే, ఆయన ముందే జరిగింది ఇది. "ఏందబ్బయ్యా ఇది, నా కాడ ఒక తీరు, నీ కాడ ఒక తీరు? ఒకటే పేజీ గదా!" అన్నాడు.

ఒకటే పేజీ. నేను రాసిన కోడ్ కూడా ఒక్కటే లైను. ఆ రోజు తలగోక్కుంటూ ఇంటికొచ్చి తవ్వడం మొదలుపెడితే తేలిందేమిటంటే, ఈ గొడవ నాది కాదు, పాతికేళ్ల నాటిది. దీన్ని కొలవడానికి వేల సంఖ్యలో పరీక్షలు రాసి పెట్టారు. ఆ పరీక్షలు ఇప్పటికీ అన్ని బ్రౌజర్లలో ఒకే జవాబు ఇవ్వవు. ఎందుకివ్వవో చెప్తాను, కొంచెం ఓపిక పట్టాలి మరి.

ముందు ఆ ఒక్క లైను సంగతి. పేజీలో ఒక డబ్బాకి కంటెంట్‌ఎడిటబుల్ అనే గుర్తు తగిలిస్తే అందులో నేరుగా టైప్ చెయ్యొచ్చు. బటన్ నొక్కినప్పుడు ఎగ్జెక్‌కమాండ్ అనే ఫంక్షన్‌కి "బోల్డ్" అని చెప్తే, సెలెక్ట్ చేసిన ముక్కని బొద్దు చేసే పని బ్రౌజర్ చూసుకుంటుంది. ఎలా చెయ్యాలో నేను చెప్పను, చెప్పే వీలు కూడా పెద్దగా లేదు. గొడవంతా ఆ "ఎలా" దగ్గరే.

ఎందుకంటే ఆ "ఎలా" అనేది మొదట్లో ఎవరూ రాసిపెట్టలేదు. 2000లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5తో కంటెంట్‌ఎడిటబుల్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ వాళ్లు చేశారు, బాగుంది, సైట్లు వాడుకున్నాయి. మిగతావాళ్లకి తప్పలేదు. 2003లో ఫైర్‌ఫాక్స్‌కి తల్లి లాంటి మొజిల్లా 1.3 వెర్షన్‌లో పేజీ మొత్తాన్ని ఎడిటర్‌గా మార్చే డిజైన్‌మోడ్ పెట్టారు, సఫారీ తన పద్ధతిలో తెచ్చింది, ఒపేరా తెచ్చింది, 2008లో ఫైర్‌ఫాక్స్ 3తో అక్కడా కంటెంట్‌ఎడిటబుల్ వచ్చింది. ఎవరికి వారు అవతలివాళ్ల బ్రౌజర్ బయటినుంచి చూసి చేసుకున్నదే. ఎవరింట్లోనో చేపల పులుసు తినొచ్చి మనింట్లో వండినట్టు. చేప అదే, చింతపండు అదే, మామిడికాయ ముక్కలు ఏ వేళకి వెయ్యాలో మాత్రం వాళ్లు చెప్పలేదు, మనం అడగలేదు.

మా జిల్లాలో వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు. ఇక్కడ పుట్టంటే 850 కిలోలు. 75 కిలోల బస్తా లెక్కకి అలవాటు పడిన కృష్ణా జిల్లా వాళ్లకి మన రేటు చెప్తే ముందు కళ్లు తిరుగుతాయి, తర్వాత కాలిక్యులేటర్ తీస్తారు. అక్కడ కనీసం పేర్లు వేరు కాబట్టి అడుగుతారు. బ్రౌజర్లలో పేరు ఒకటే, "బోల్డ్", లోపల తూకం మాత్రం ఎవరిది వాళ్లది. అందుకని ఎవరూ అడగలేదు, మోసపోయారు.

తూకం ఎంత వేరంటే, బోల్డ్ అనగానే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆ ముక్క చుట్టూ స్ట్రాంగ్ అనే ట్యాగు (పేజీ కోడ్‌లో ముక్కకి అటూ ఇటూ పెట్టే గుర్తు) పెట్టేది. ఇంకొకరు బి ట్యాగు పెట్టేవాళ్లు. పాత సఫారీ స్పాన్ అనే ఒక ఉత్త సంచీ పెట్టి, దానికి ఆపిల్ పేరుతో ఒక క్లాసు తగిలించి, ఫాంట్ మందం బోల్డ్ అని స్టైల్ రాసేది. వెబ్‌లో ఎన్ని పేజీల్లో ఆ ఆపిల్ స్పాన్లు మిగిలిపోయాయో లెక్కలేదు, పాత బ్లాగుల సోర్సు తీసి చూస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. ఎంటర్ కొట్టినప్పుడు ఇంకా ఘోరం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, ఒపేరా కొత్త పేరా కోసం పి ట్యాగు తెరిచేవి. సఫారీ, క్రోమ్ డివ్ తెరిచేవి. ఫైర్‌ఫాక్స్ ఏమీ తెరవకుండా బిఆర్ ఒకటి పడేసి కింది లైనుకి పోయేది.

కంటికి అన్నీ బొద్దుగానే, అన్నీ కొత్త లైనుగానే కనిపిస్తుంటే నీకేం పోయింది అని అడగొచ్చు. నాకు పోయింది కాబట్టి చెప్తున్నా. ప్రెస్సు పేజీలో కస్టమర్ పంపిన మేటర్‌ని ప్రింటుకి పనికొచ్చేట్టు మార్చే ఒక ముక్క రాసుకున్నాను, దానికి బి ట్యాగు మాత్రమే తెలుసు. వేరే చోటి నుంచి కాపీ కొట్టి అతికించిన మేటర్‌లో స్పాన్ వచ్చింది, స్క్రీన్ మీద బొద్దుగా ఉంది, ప్రూఫ్‌లో సన్నగా దిగింది. పెళ్లికూతురి పేరు బొద్దుగా, పెళ్లికొడుకు పేరు సన్నగా. అదృష్టం కొద్దీ ప్రూఫ్ దగ్గరే దొరికింది, లేకపోతే రెండు కుటుంబాల మధ్య నేను నలిగిపోయేవాణ్ణి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇవాళ బొద్దు చేసినదాన్ని రేపు ఇంకో బ్రౌజర్‌లో తెరిచి బొద్దు తీసెయ్యాలి. స్ట్రాంగ్ ఒకడు పెట్టాడు, స్పాన్ ఒకడు పెట్టాడు, ఇప్పుడు తీసేవాడికి ఇవన్నీ తెలియాలి. అంటే ప్రతి బ్రౌజరూ తను రాసుకున్నదే కాదు, పక్కవాడు రాసినదీ చదవగలగాలి.

2011లో ఆర్యే గ్రెగర్ అనే అతను గూగుల్ తరఫున కాంట్రాక్టు మీద ఈ చెత్తనంతా ముందేసుకుని కూర్చున్నాడు. ప్రతి కమాండ్‌కీ అప్పటి బ్రౌజర్లు ఏం చేస్తున్నాయో ఒక్కొక్కటీ చూసి, ఎవరు చేసింది తెలివైన పద్ధతో, ఎవరిది ఎక్కువ సైట్లకి అలవాటైపోయిందో ఆలోచించి, బోల్డ్ అంటే మొదటి అడుగు ఇది, రెండో అడుగు ఇది అని అడుగడుగునా రాశాడు. రాసి ఊరుకోలేదు. ఆ అడుగులనే జావాస్క్రిప్ట్‌లో నడిచే ప్రోగ్రాంగా కూడా చేశాడు. ఆ ప్రోగ్రాంకి రకరకాల ముక్కలు తినిపించి, అది ఏం కక్కిందో దాన్ని "సరైన జవాబు"గా రాసిపెట్టాడు. ఇప్పుడు అన్ని బ్రౌజర్ల వాళ్లూ కలిసి నడుపుకునే వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ అనే ఉమ్మడి పరీక్షల కొట్లో ఎడిటింగ్ అనే గదిలో ఉన్నవాటికి పునాది అవే.

ఒక పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. చేపల [పులుసు] వేడి. ఆ చదరపు బ్రాకెట్లు సెలెక్షన్‌కి గుర్తు, అంటే "పులుసు" సెలెక్ట్ అయి ఉంది అని. బ్రాకెట్ చదరంగా ఉంటే సెలెక్షన్ అక్షరాల మధ్యలో మొదలైందని, మీసాల బ్రాకెట్ ఉంటే ట్యాగుల మధ్యలో మొదలైందని. ఇదేం పిచ్చి తేడా అనిపిస్తుంది, కానీ కంటికి ఒకేలా ఉన్న రెండు సెలెక్షన్లకి బ్రౌజర్ రెండు వేరువేరు ఫలితాలు ఇచ్చిన సందర్భాలు కొల్లలు. దాని తర్వాత ఇవ్వాల్సిన కమాండ్: బోల్డ్. ఆ తర్వాత రావాల్సిన హెచ్‌టిఎంఎల్, అంటే ట్యాగులతో సహా పేజీ రాత, అక్షరం పొల్లుపోకుండా.

అక్కడితో ఆగదు. కమాండ్ ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి మూడేసి ప్రశ్నలు: ఈ సెలెక్షన్‌లో కొంత బొద్దు, కొంత సన్నం కలగాపులగంగా ఉందా? మొత్తం బొద్దేనా? విలువ ఏమిటి? ఇక కమాండ్ పని చేశానని (ట్రూ అని) జవాబిచ్చిందా, ఎడిట్ చెయ్యకూడని చోట వేలు పెట్టిందా అన్నవి అదనం. మళ్లీ ఇదంతా ట్యాగుల పద్ధతిలో ఒకసారి, స్టైల్ పద్ధతిలో ఒకసారి. ఎంటర్ పరీక్షలైతే పేరాకి డివ్ అనుకుని ఒకసారి, పి అనుకుని ఒకసారి. అందుకే ఒక్క బోల్డ్ ఫైలే వేల ప్రశ్నలైపోయి, ఒకేసారి నడిపితే టైం చాలక వెయ్యేసి చొప్పున ముక్కలు చెయ్యాల్సి వచ్చింది.

సరే, ఇన్ని పరీక్షలున్నాయి కదా, నడిపి చూసి ఫెయిలైనవి సరిచేస్తే అయిపోయె. ఎందుకు కాలేదు?

నాకర్థమైనంతలో అసలు తిరకాసు "ఫెయిల్" అన్న మాటలోనే ఉంది. బడిలో లెక్కల పరీక్షకి జవాబు ముందే ఉంటుంది, పిల్లవాడు దాన్ని చేరాలి. ఇక్కడ జవాబు కాగితం రాసింది కూడా ఒక మనిషే, 2011 నాటి బ్రౌజర్లు చూసి, తన సబబు ప్రకారం. ఆ ప్రోగ్రాంలో ఎక్కడైనా ఒక మెలిక సరిగా పడకపోతే, జవాబు కాగితంలోనూ అదే మెలిక. ఇప్పుడు ఒక పరీక్ష క్రోమ్‌లో, సఫారీలో, ఫైర్‌ఫాక్స్‌లో మూడింట్లోనూ ఫెయిలై, పైగా మూడూ ఒకే జవాబు ఇచ్చాయనుకోండి. తప్పు ఎవరిది? నన్నడిగితే కాగితానిది. మూడు బ్రౌజర్లూ ఒకటే చేస్తుంటే వెబ్ దానికే అలవాటు పడిపోయి ఉంటుంది, వాటిని మార్చడమంటే బతికున్న సైట్లని చంపడం. అప్పుడు కాగితం దిద్దాలి.

రెండు ఒక మాట, మూడోది ఇంకో మాట అయితే సాధారణంగా మూడోదాని మెడ మీద కత్తి. ఎంటర్ విషయంలో అదే జరిగింది. పేరాకి వేరే ట్యాగు తెరిచేవన్నీ ఒకవైపు, బిఆర్‌తో ఫైర్‌ఫాక్స్ ఒకవైపు. చాలా ఏళ్లు అలాగే మొండికేసి, చివరికి 2018లో 60వ వెర్షన్‌లో ఫైర్‌ఫాక్స్ కూడా డివ్‌కి మారింది. పాత పద్ధతి మీద ఆధారపడినవాళ్ల కోసం వెనక్కి తిప్పుకునే మార్గం కూడా ఉంచుకుంటూ మార్చారు, ఎందుకంటే ఇలాంటి మార్పు చేసిన మర్నాడు ఎవరో ఒకరి ఆఫీసు మెయిల్ పేజీలో లైన్లన్నీ తేడాగా పడతాయని వాళ్లకీ తెలుసు.

ముగ్గురూ మూడు మాటలంటే? అప్పుడు పరీక్షనే కాస్త వదులు చేస్తారు. రాసేటప్పుడే ఈ మూడింట్లో ఏదొచ్చినా పాస్ అని. కొత్తగా రాసే ఎడిటింగ్ పరీక్షల్లో ఇది కనిపిస్తుంది. కొందరు దీన్ని రాజీ అంటారు, పరీక్ష నీరుకారిపోయిందంటారు. నాకైతే ఇదే నిజాయితీ అనిపిస్తుంది. బి ట్యాగు ముందు పెట్టి, అడుగు గీతకి వాడే యు ట్యాగు లోపల పెట్టినా, యు ముందు పెట్టి బి లోపల పెట్టినా నోటీసు చదివేవాడికి తేడా లేదు, మళ్లీ ఎడిట్ చేసేవాడికీ తేడా ఉండకూడదు. దానికోసం ఒక ఇంజనీరు వారం రోజులు పడి దొర్లడం ఎందుకు?

ఈ లోపల రోజూ పని నడవాలి కదా, అందుకని ప్రతి బ్రౌజర్ టీమూ ఒక చిట్టా పెట్టుకుంటుంది. "ఈ పరీక్ష మా దగ్గర ఫెయిలవుతుందని మాకు తెలుసు" అని. కిరాణా కొట్టు అప్పుల పుస్తకం లాంటిది. తమాషా ఏమిటంటే, చిట్టాలో ఉన్న పరీక్ష ఒక రోజు హఠాత్తుగా పాసైనా మెషీన్ కేక పెడుతుంది, అప్పు తీరిపోయింది, పుస్తకంలో కొట్టెయ్యి అని. అది మంచి అలవాటు. మంచి కాని సంగతి, చిట్టాలో వేలకొద్దీ గీతలు పడ్డాక ఇక దాన్ని తెరిచి చదివేవాడు ఉండడు.

మళ్లీ నోటీసు దగ్గరికి వస్తాను. ముందు సగం బొద్దు, వెనక సగం సన్నం. మొత్తం సెలెక్ట్ చేసి బోల్డ్ నొక్కితే ఏం కావాలి? గ్రెగర్ రాసిన దాని ప్రకారం, సెలెక్షన్ అంతా బొద్దైతేనే "బొద్దుగా ఉంది" అని లెక్క. కాస్త సన్నం ఉన్నా "లేదు" అనే, కాబట్టి నొక్కగానే అంతా బొద్దవ్వాలి. అన్న కంప్యూటర్‌లో జరిగింది అదే. కానీ నా ల్యాప్‌టాప్ ఆపిల్ వాళ్ల మాక్, మాక్ కంప్యూటర్ల సంప్రదాయం వేరు. అక్కడ సెలెక్షన్ మొదట్లో ఏముందో అదే మొత్తానికి గుర్తు. మొదటి అక్షరం బొద్దు, కాబట్టి బొద్దుగా ఉంది, కాబట్టి నొక్కితే పోవాలి. సఫారీ ఇంజనులోనూ, అందులోంచి పుట్టిన క్రోమ్ ఇంజనులోనూ ఇది పొరపాటున వచ్చింది కాదు, "మాక్ అయితే ఇలా, మిగతావైతే అలా" అని తెలిసి రాసిన లైను ఉంది. అంటే ఒకే క్రోమ్ విండోస్‌లో ఒక జవాబు, మాక్‌లో ఒక జవాబు.

ఇప్పుడు దీనికి పరీక్ష ఎలా కలుపుతారు చెప్పండి. మాక్ వాడేవాడు తన మిగతా సాఫ్ట్‌వేర్లన్నీ ఎలా ఉంటాయో బ్రౌజర్ కూడా అలాగే ఉండాలనుకుంటాడు, అతనిది న్యాయమే. వెబ్ పేజీ చేసేవాడు, అంటే నేను, ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒకేలా ఉండాలనుకుంటాను, నాదీ న్యాయమే. ఈ రెండు న్యాయాల్లో ఏదో ఒకటి ఓడాలి. ఉమ్మడి పరీక్ష అనేది వెబ్ వైపు నిలబడుతుంది, ఎందుకంటే దానికి కంప్యూటర్ ఏదో చూసే ఉద్దేశమే లేదు. అందుకే అక్కడ ఫెయిలైందన్న ఎర్రగీత అలాగే ఉంటుంది, దాన్ని చూసి ఫలానా బ్రౌజర్ చేతకానిది అనుకుంటే మనమే పప్పులో కాలేసినట్టు.

గీత బటన్ సంగతి ఇంకో రకం. బొద్దు ఒక ముక్కలో తీసెయ్యాలంటే లోపల "ఇక్కడ మామూలు మందం" అని ఇంకో పొర పెట్టి తప్పించుకోవచ్చు, పాత బ్రౌజర్లు చేసేవి. అడుగు గీతకి ఆ దొంగదారి లేదు. బయటి ట్యాగు గీసిన గీత లోపలివాటన్నిటి కింది నుంచీ పోతుంది, లోపల ఎవడెంత మొత్తుకున్నా చెరగదు. కాబట్టి "కరెంటు, బోరు కలదు" మొత్తానికి గీతుంటే, అందులో "బోరు" ఒక్కదానికి తీసెయ్యాలంటే బయటి ట్యాగుని విరిచి, "కరెంటు"కి ఒకటి, "కలదు"కి ఒకటి వేరుగా తొడగాలి. దీన్ని వాళ్లు కిందికి నెట్టడం అంటారు. లంకంత ఇంటిని అన్నదమ్ములు పంచుకుంటున్నప్పుడు దూలం కొయ్యడం లాంటిది, ఎక్కడ కొయ్యాలో అందరికీ ఒకటే అభిప్రాయం ఉండదు. మధ్యలో లింకు ట్యాగు ఉందనుకోండి, గీత లింకు లోపల ఉండాలా, బయట ఉండాలా? ఇలాంటి ప్రతి ప్రశ్నకీ ఒక పరీక్ష ఉంది.

ఖాళీల గొడవ చిన్నది, కానీ చిరాకు. హెచ్‌టిఎంఎల్‌లో వరసగా రెండు స్పేసులు కొడితే ఒకటే కనిపిస్తుంది, అందుకని ఎడిటర్ ఒకదాని బదులు విరగని స్పేస్ అనే వేరే అక్షరం పెడుతుంది. రెండిట్లో ఏది విరగనిది? ఒకడు మొదటిది, ఒకడు రెండోది. అలాగే ఖాళీ పేరా ఎత్తు లేకుండా నలిగిపోతుందని లోపల ఒక బిఆర్ ఉత్తినే కూర్చోబెడతారు. దాన్ని ఉంచాలా, టైప్ చెయ్యగానే తీసెయ్యాలా. ఫెయిలైన పరీక్షలు తెరిచి చూస్తే చాలావాటి వెనక ఇంత చిన్న సంగతే ఉంటుంది.

2022లో బ్రౌజర్ కంపెనీలు కలిసి ఇంటరాప్ అనే ఒక ఏర్పాటు పెట్టుకున్నాయి. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా, వాటితోపాటు బోకూప్, ఇగాలియా అనే సాఫ్ట్‌వేర్ సంస్థలు. ఏ విషయాల్లో మనం కలవట్లేదో ఎంచుకుని ఆ ఏడాదిలో కలుద్దాం అని. ఎడిటింగ్ కూడా అందులో వచ్చింది, కానీ ఎలా వచ్చిందో చూడండి. పరీక్షలు నడిపి మార్కులు వేసే జాబితాలోకి రాలేదు. "ముందు పరిశీలించాల్సినవి" అనే మూడు అంశాల పక్క జాబితాలోకి వచ్చింది. అంటే బ్రౌజర్లని సరిచెయ్యడానికి ముందు, ఏ పరీక్షని నమ్మొచ్చో, ఏది నమ్మకూడదో తేల్చుకోవాలని వాళ్లే ఒప్పుకున్నట్టు. కాటాయే సరిగా ఉందో లేదో తెలియకుండా బస్తాలు తూచడం ఎందుకని.

ఇంకో వింత. ఎగ్జెక్‌కమాండ్ ఇప్పుడు అధికారికంగా కాలం చెల్లిన సరుకు. ఏ డాక్యుమెంటేషన్ తెరిచినా ఎర్ర అక్షరాలతో వాడొద్దనే ఉంటుంది. గ్రెగర్ రాసిన నిబంధనలు చిత్తుప్రతిగానే మిగిలిపోయాయి. పెద్ద ఎడిటర్లు దాన్ని ఎప్పుడో వదిలేశాయి. గూగుల్ డాక్స్ 2010లోనే బ్రౌజర్ ఎడిటింగ్‌ని పక్కనపెట్టి సొంతంగా రాసుకుంది, 2021లో అసలు అక్షరాలని కాన్వాస్ మీద బొమ్మలా గీయడానికి మారుతున్నామని ప్రకటించింది. ప్రోస్‌మిర్రర్, లెక్సికల్ లాంటివి కంటెంట్‌ఎడిటబుల్‌ని కీబోర్డు తీసుకోవడానికి వాడుకుని, లెక్కంతా తమ దగ్గరే రాసుకుంటాయి. మరి చచ్చిన పాముకి పరీక్షలెందుకు? ఎందుకంటే అది చావలేదు. తీసేస్తే లెక్కలేనన్ని పాత సైట్లు పడిపోతాయి, నా ప్రెస్సు పేజీ సహా. పైగా కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కి పోయే సదుపాయం చెడకుండా కోడ్ నుంచి అక్షరాలు చొప్పించడానికి ఇప్పటికీ ఆచరణలో పనికొచ్చేది ఇదే. వాడొద్దంటూనే అందరూ మోస్తున్నారు.

తెలుగు సంగతి చెప్పకుండా ముగిస్తే నాకే తృప్తి ఉండదు. ఆ పరీక్షల ఫైళ్లు తెరిస్తే ఫూ, బార్, బాజ్, ప్రోగ్రామర్లు ఉత్తుత్తిగా వాడే ఈ మూడు మాటలే తిరగేసి మరగేసి. డిలీట్ పరీక్షల్లో ఒక హీబ్రూ పదం, అచ్చు మీద చుక్కలున్న అక్షరాలు కొన్ని. ఇంగ్లీషులో ఏ రెండు అక్షరాల మధ్య కోసినా రెండూ బతుకుతాయి. మనకి అలా కాదు.

"నెల్లూరు" తీసుకోండి. మన కంటికి మూడు అక్షరాలు. లోపల యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాలకి వాడే కోడ్లలో, ఎనిమిది: న, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, ఊత్వం, ర, ఉత్వం. మౌసుతో లాగితే బ్రౌజర్ మామూలుగా ల్లూ మధ్యలో ఆగనివ్వదు. కానీ కోడ్ ఎక్కడైనా ఆగుతుంది. ప్రెస్సు పేజీలో వెతికిన మాటని బొద్దుగా చూపించాలని నేనొకటి రాశాను. అన్న "నెల్" వరకు టైప్ చేసేసరికి అది మొదటి నాలుగు కోడ్లని తెంపి బొద్దు చేసింది. స్క్రీన్ మీద ఊరి పేరు "నెల్‌లూరు" అయి కూర్చుంది. లకి కింద ఉండాల్సిన వత్తు పైకెక్కి పూర్తి అక్షరమైంది, ఎందుకంటే రెండు ముక్కలూ వేరువేరు ట్యాగుల్లో, వేరువేరు మందాల్లో పడితే ఫాంటు వాటిని కలపలేదు. ఇంకా ముందు, న దగ్గరే తెగి ఉంటే, ఎత్వం ఒక్కటే అనాథలా మిగిలి చుక్కల సున్నా మీద వేలాడేది.

ఇప్పుడు ఇదే సెలెక్షన్‌తో బోల్డ్ పరీక్ష రాస్తే ఏమవుతుందో తెలుసా? పాసవుతుంది. నిబంధన ప్రకారం సెలెక్షన్ ఎక్కడ మొదలైతే అక్కడ అక్షరాల దారాన్ని కత్తిరించడమే కదా, అది చేసినట్టే. రావాల్సిన హెచ్‌టిఎంఎల్ వచ్చింది, ఆరు ప్రశ్నలకీ ఆరు జవాబులు సరిపోయాయి, అంతా పచ్చరంగు. ఊరి పేరు మాత్రం విరిగింది. ఈ పరీక్షలు కింద రాసుకున్నది చూస్తాయి తప్ప స్క్రీన్ చూడవు. స్క్రీన్ పక్కన స్క్రీన్ పెట్టి బొమ్మలు పోల్చే పరీక్షలు వేరే ఉన్నాయి, కానీ ఎడిటింగ్ కమాండ్ల గదిలో నడిచేవి ముఖ్యంగా మొదటి రకమే.

ఒక అక్షరం అంటే ఎంత అన్నదాంట్లో కూడా లెక్క మారుతూ వచ్చింది. "స్త్రీ" లోపల ఆరు కోడ్లు. 2023 దాకా యూనికోడ్ మామూలు నియమం ప్రకారం అది స్, త్, రీ అని మూడు ముక్కలు. ఆ ఏడాది వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగు, దేవనాగరి, మలయాళం లాంటి కొన్ని లిపులకి పొల్లు దగ్గర తెంచకూడదని కొత్త నియమం పెట్టారు, అప్పుడు ఒక్క ముక్క అయింది. మన అమ్మానాన్నలు పలక మీద దిద్దించినప్పుడు అది ఒక్క అక్షరమే, యూనికోడ్‌కి ఆ సంగతి తెలియడానికి అంతకాలం పట్టింది. అయినా బ్యాక్‌స్పేస్ కొడితే సాధారణంగా చివరి కోడ్ ఒక్కటే పోతుంది, గుడి దీర్ఘం పోయి "స్త్ర" మిగులుతుంది. అది తప్పు కాదు, మనకి అదే కావాలి, ఒక గుణింతం తప్పు పడితే అక్షరమంతా మళ్లీ కొట్టే ఓపిక ఎవరికుంది. ముందు నుంచి డిలీట్ కొడితే మాత్రం మొత్తం పోతుంది. రెండు కీలు, రెండు తూకాలు, రెండూ సబబే. దీనికి పరీక్ష రాయాలంటే ముందు తెలుగు టైప్ చేసేవాడు పక్కన కూర్చుని చెప్పాలి.

ఇక అన్నకి నేనేం చేశానంటే, బ్రౌజర్‌ని అడగడం మానేశాను. బటన్ నొక్కగానే సెలెక్షన్ అంతా బొద్దేనా అని నేనే లెక్కచూసి, కాకపోతే ముందు మొత్తం సన్నం చేయించి, తర్వాత ఒకేసారి బొద్దు చేయిస్తున్నాను. మాక్‌లోనూ, విండోస్‌లోనూ ఒకటే ఫలితం. బయటికి పోయేటప్పుడు స్ట్రాంగ్ అయినా స్పాన్ అయినా అన్నిటినీ బి ట్యాగు కింద మార్చే జల్లెడ ఒకటి పెట్టాను. వెతుకులాటలో ఎక్కడ తెంచినా ఆ అక్షరం చివరిదాకా జరిపేట్టు చేశాను. మొత్తం ఎనభై లైన్లయింది, ఒక్క లైను పనికి.

మొన్న వెళ్లి చూపించాను. లీజు నోటీసు తెరిచి, లైనంతా సెలెక్ట్ చేసి నొక్కి, నా ల్యాప్‌టాప్‌లోనూ నొక్కి చూసుకుని, తృప్తిగా తలూపాడు. ఆ తర్వాత ఎంటర్ కొట్టి కింద ఫోన్ నంబరు టైప్ చేశాడు. "సరేగానీ అబ్బయ్యా, అతికించిన మేటర్‌లో లైన్ల మధ్య ఇంతింత సందు వస్తాంది, నేను ఇక్కడ కొడితే రావట్లా. ఎందుకో చూడరాదా?"

అతికించింది సందు వదిలే పి, కొట్టింది వదలని డివ్. టీ తాగొచ్చి చెప్తానన్నా.